అక్క తెచ్చిన బియ్యం

అక్క పెద్దకర్మకి దగ్గరవాళ్లనైనా స్వయంగా వెళ్లి పిలవాలని మొన్న మా ఊరు వెళ్లాను. రాజమండ్రిలో బస్సెక్కి తణుకు మీదుగా పెనుగొండ చేరి, అక్కడి నుంచి ఆటోలో వెళ్తే ఒకప్పుడు దారి పొడుగునా వరిచేలు తోడు వచ్చేవి. ఇప్పుడు ఎటు చూసినా రొయ్యల చెరువులే. నీళ్లలో ఏరేటర్లు నురగ చిమ్ముతూ తిరుగుతున్నాయి, గట్ల మీద కొబ్బరిచెట్లు తలలు రాలిపోయి నిలబడి ఉన్నాయి. ఒకప్పుడు మా ఇల్లున్న చోట మేత బస్తాలు దాచే రేకుల షెడ్డు వేశారు. పక్క వీధిలో నాకు పిన్ని వరసయ్యే సూరమ్మ ఇంట్లో కూర్చున్నాను. అక్కని మొదట రొయ్యల షెడ్డు పనికి పిలిచింది ఈ సూరమ్మే. కబురు విని కాసేపు ఏడ్చింది. తర్వాత లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి, "కొన్న టిన్ను నీళ్లేనమ్మా, తాగు, భయం లేదు" అంది. గోదావరి కాలువ నీళ్లు తాగి పెరిగిన దాన్ని నేను. ఆ ఊళ్లోనే కూర్చోబెట్టి, నీళ్లకి భయం లేదని చెప్పి మరీ ఇవ్వాల్సి వచ్చింది పాపం ఆవిడకి. ఆ గ్లాసు చేత్తో పట్టుకుని చాలాసేపు తాగలేకపోయాను. అమ్మా, అక్కా, ఆ రోజులూ ఒక్కసారిగా మీద పడ్డాయి.

మా నాన్న కౌలు రైతు. పొలం భీమవరంలో ఉండే ఒక ఆసామిది. నాన్న, అమ్మ, అక్క మంగ, నేను, నలుగురం తాటాకింట్లో ఉండేవాళ్లం. నన్ను చంకనేసుకుని ఊరంతా తిప్పగలిగేంత పెద్దది మా అక్క. మా అమ్మకి ఇల్లు నడపడమంటే ఒక పట్టుదల. ఏదీ పారేయడానికి వీల్లేదు. బీరకాయ చెక్కు తీస్తే అది మర్నాటి పచ్చడి. అరటిగెల కొట్టాక మిగిలిన బోదెలోంచి దవ్వ తీసి, పీచు వేలికి చుట్టుకుంటూ సన్నగా తరిగి, ఆవపెట్టి కూర చేసేది. గంజిలో సగం మా కడుపుల్లోకి, సగం నాన్న పంచెకి. బియ్యం కడిగిన కుడితి పక్కింటి గేదెకి పోస్తే వాళ్లు చెంబుడు మజ్జిగ ఇచ్చేవారు. అక్క పరికిణీ నాకు గౌనయ్యేది, గౌను చిరిగితే మసిగుడ్డయ్యేది. మాది ఊక పొయ్యి. మధ్యలో రోకలి నిలబెట్టి చుట్టూ ఊక దట్టంగా కూరి, చెదరకుండా రోకలిని పైకి లాగేయాలి. ఆ పని అమ్మా అక్కా చేస్తేనే కుదిరేది, నేను చేస్తే కూలిపోయేది. ఆ ఊక పొగ వాసన మా పుస్తకాలకీ బట్టలకీ జుట్టుకీ పట్టి ఉండేది. బళ్లో పిల్లలు నవ్వితే నాకు కోపం వచ్చేది కానీ, ఇప్పుడు ఎక్కడైనా ఆ వాసన తగిలితే కాళ్లు కదలవు.

అంత పొదుపు చేసే మనిషికి ఇంకో పట్టింపు ఉండేది. ఏ వస్తువైనా చవగ్గా దొరికితే అమ్మ సంతోషించేది కాదు, అనుమానపడేది. "ఇది ఎవరి కడుపు కొట్టి వచ్చింది?" అని అడిగేది. సంతలో ఒక వ్యాపారి ఉండేవాడు. లంక గ్రామాల నుంచి పడవల మీద కూరలు తెచ్చేవాళ్లు సాయంత్రమయ్యేసరికి వెనక్కి మోసుకుపోలేరు కదా, అప్పటిదాకా ఆగి, వాళ్లు దిగాలు పడ్డాక అయినకాడికి కొనేసి మర్నాడు అమ్మేవాడు. అతని దగ్గర వంకాయలు అందరికంటే చవక. అమ్మ అతని వైపు చూసేది కాదు. పొద్దున్నే లంక ఆడవాళ్ల దగ్గరికే వెళ్లి, బేరమాడకుండా, తనకి కుదిరినంతే కొనేది. ఆ పూట కూర మాకు చాలేది కాదు. నాన్న నవ్వేవాడు. "కొనేది పావుకిలో. దానికింత న్యాయం దేనికే?" అనేవాడు. "కొనేది పావుకిలోయే కదండీ, అదైనా న్యాయంగా కొనుక్కుందాం" అనేది అమ్మ. నాన్న మళ్లీ నవ్వి కండువా దులుపుకుని వెళ్లిపోయేవాడు.

ఊళ్లోకి రొయ్యల చెరువులు వచ్చిన సంగతి మాకు మొదట పప్పు చెప్పింది. మంచినీళ్ల చెరువు చుట్టూ పొలాలు తవ్వి ఉప్పునీళ్లు పెట్టాక ఎన్ని గంటలు ఉడికించినా కందిపప్పు బద్ద బద్దగానే ఉండిపోయేది. టీకి కాచిన పాలు విరిగిపోయేవి. పాలావిడ కల్తీ చేసిందని అక్క పోట్లాటకి వెళ్లబోతే అమ్మ ఆపింది. నీళ్లు నోట్లో పోసుకుని, ఊసేసి, "పాలావిడ తప్పు కాదే, నీళ్లే పోయాయి" అంది. గట్టు పక్కనున్న చేలల్లో వరి పసుపు రంగుకి తిరిగి, ఆపైన ఎర్రబడింది. ఆ తర్వాత మా ఆసామి మోటారుసైకిలు మీద వచ్చాడు. మర్యాదస్తుడే. మంచం మీద కూర్చుని, "ఏమనుకోకయ్యా, వరి వేస్తే నాకేమీ మిగలట్లేదు. చెరువుకి లీజుకిచ్చేస్తున్నాను" అన్నాడు. నాన్న తల ఊపాడు. అమ్మ గుమ్మంలోంచి, "మీరూ తవ్వేస్తే పక్క చేలేమవుతాయండి?" అని అడిగింది. "వాళ్లూ తవ్వుకుంటారమ్మా" అన్నాడాయన, చాలా మామూలుగా. ఆ సాయంత్రం అమ్మ పొయ్యి ముందు కూర్చుని, ఎవరితోనో కాదు, తనతో తనే అన్నట్టు, "ఆ నీళ్లలో పెరిగింది నా పొయ్యి ఎక్కడానికి వీల్లేదు" అంది.

ఆ మాట నిలబెట్టుకోవడం తేలికేమీ కాదు. చెరువులో రొయ్యలు పట్టిన రోజున, కొనే కంపెనీ పనికిరావని పక్కన పెట్టిన చిన్న రొయ్యలు ఊళ్లోవాళ్లకి ఊరికే పంచేవారు. ఇల్లిల్లూ ఇగురు వాసన. మా గుమ్మం ముందూ ఎవరో బుట్టెడు పెట్టి వెళ్లారు. అక్కకి రొయ్యలంటే ప్రాణం. వెనకటి రోజుల్లో కాలువలో తట్టతో పట్టిన రొయ్యలు తెచ్చి, తనే ఒలిచి, చింతచిగురుతో వండించుకునేది. బుట్ట చూసి నేను అమ్మ కొంగు పట్టుకుని వేళ్లాడాను. అమ్మ ఆ బుట్ట తీసుకెళ్లి చెరువు దగ్గర వెనక్కి ఇచ్చి వచ్చింది. ఆ పూట గోంగూరా అన్నం. అక్క తల వంచుకుని తింది. తిన్నాక నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని, "ఏడవకే, పెద్దయ్యాక మనిద్దరం కాలువ రొయ్యలే కొనుక్కుందాం" అంది. అప్పటికే కాలువలో రొయ్యలు కనిపించడం మానేశాయని మాకు తెలీదు.

పొలం పోయాక నాన్న పెనుగొండలో రైసుమిల్లుకి బస్తాలు మోయడానికి వెళ్లాడు. అది అలవాటు లేని పని, వయసు మించిన పని. అక్క పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. ఆ వేసవిలోనే ఊళ్లోకి తెల్లవారకముందే ఒక వ్యాను రావడం మొదలైంది. భీమవరం రోడ్డు మీద రొయ్యలు ఒలిచే షెడ్డు పెట్టారు, ఆడపిల్లలు కావాలట. సూరమ్మ తన కూతుర్ని పంపుతూ అక్కనీ అడిగింది. "నేను వెళ్తానమ్మా" అంది అక్క. అమ్మ బియ్యం ఏరుతోంది, తలెత్తలేదు.

"మన పొలం మింగినవాళ్ల దగ్గరికా?"

"వాళ్ల దగ్గరికే. ఇంకెవరున్నారు చెప్పు పనిచ్చేవాళ్లు?"

"మీ నాన్న తెస్తున్నాడు కదే."

"నాన్న నడుం చూశావా అమ్మా? రాత్రి పడుకోవడానికి గోడ పట్టుకుంటున్నాడు. చెల్లిని హైస్కూల్లో చేర్చాలి. ఏం పెట్టి చేరుస్తావ్?"

అమ్మ చేట పక్కన పెట్టి అక్క మొహంలోకి చూసింది. చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. అక్క తెచ్చేది నా చదువుకే వాడాలి, అన్నంలోకి రాకూడదు. అన్నం నాన్న కష్టంతోనే తినాలి. అక్క సరేనంది. ఆ షరతులో ఎంత బాధ దాగుందో ఆ పూట మాలో ఎవరికీ అర్థం కాలేదు. అమ్మకి సైతం.

షెడ్డులో పని ఎలా ఉంటుందో అక్క చెప్పేది కాదు, సూరమ్మ కూతురు చెబితే తెలిసింది. పొడుగాటి స్టీలు బల్లలు, వాటి మీద ఐసులో కూరిన రొయ్యలు. తడినేల మీద నిలబడే తలలు తుంచాలి, పెంకు తీయాలి, వీపులోని నల్ల నరం లాగాలి. ఎంత ఒలిస్తే అంత కూలి. ఇచ్చిన గ్లౌజులు రొయ్య కొమ్ము గుచ్చుకుని చిరిగిపోతాయి, అవి ఉంటే చెయ్యి ఆడదని పిల్లలే తీసేస్తారు. మధ్యమధ్యలో చేతులు క్లోరిన్ నీళ్లలో ముంచాలి. అక్క సాయంత్రం వ్యాను దిగి వస్తుంటే వీధిలో పిల్లులన్నీ వెనక నడిచేవి. మొదట్లో దానికి నవ్వేది, "చూడవే, నాకు బంట్రోతులు" అనేది. తర్వాత ఆ నవ్వు పోయింది. చింతపండూ శీకాయా కలిపి రుద్దుకున్నా ఆ వాసన వదిలేది కాదు. వేళ్లు తెల్లగా ఉబ్బి, చివర్లు పగిలి ఉండేవి. అమ్మ కొబ్బరినూనెలో పసుపు వేసి గోరువెచ్చగా కాచి, అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని ఒక్కో వేలికీ రాసేది. రొయ్యని గుమ్మం తొక్కనివ్వని మా అమ్మ, రొయ్యలు ఒలిచిన ఆ వేళ్లని అంతసేపు ఒళ్లోంచి దించేది కాదు. నేను లాంతరు ముందు పుస్తకం తెరిచి, చదువుతున్నట్టు నటిస్తూ వాళ్లనే చూసేదాన్ని.

ఒక ముసురు కాలంలో మిల్లులో బస్తా జారి నాన్న నడుం మీద పడింది. మంచం పట్టాడు. ఇంట్లోకి వచ్చేది ఆగిపోయింది. అమ్మ పెరట్లో తోటకూర, గట్ల మీద పొన్నగంటి కూర, మిల్లు దగ్గర తుడిచి అమ్మే నూకలు, వీటితోనే రోజులు నెట్టుకొచ్చింది. నూకల జావ నాన్నకి చిక్కగా, మాకు పల్చగా, తనకి ఇంకా పల్చగా. అలా ఎన్నాళ్లో అయ్యాక ఒక సాయంత్రం అక్క వానలో తడుస్తూ, బియ్యం బస్తా తల మీద పెట్టుకుని వచ్చింది. తను తడిసింది కానీ బస్తా తడవకుండా ప్లాస్టిక్ పట్టా కప్పింది. దించి అమ్మ ముందు పెట్టింది. అమ్మ దాన్ని మూలకి జరిపి, మూతి విప్పకుండానే, ఎప్పటిలా నూకలు కడగడానికి కూర్చుంది. అక్క అలాగే తడిబట్టలతో నిలబడిపోయింది.

"విప్పవేంటమ్మా?"

"నీకు చెప్పాను కదే మంగా. అన్నంలోకి వద్దని."

"నాన్న లేవలేకపోతున్నాడు. చెల్లి బళ్లో కళ్లు తిరిగి పడిపోయింది, నీకు చెప్పలేదు అది. ఇంకా ఎన్నాళ్లు?"

"గడుస్తుందిలే."

"చెరువు తవ్వింది నేను కాదమ్మా!" అక్క అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "నీళ్లు పాడు చేసింది నేను కాదు. నేను నిలబడి చేసిన కష్టం అది. నా కాళ్లూ నా చేతులూ. నా చేతులకి నూనె రాస్తావు, ఆ చేతులు తెచ్చిన తిండి మాత్రం నీకు పనికిరాదా? నా కూడు అంత మైలపడిందా?"

మంచం మీంచి నాన్న, "ఊరుకోవే తల్లీ" అన్నాడు. బయట వాన. అమ్మ చేతిలో నూకల గిన్నె పక్కన పెట్టి లేచింది. బస్తా మూతి విప్పి, సోలతో కొలిచి బియ్యం పోసి, కడిగి, ఎసట్లో వేసింది. అన్నం వార్చి నలుగురికీ వడ్డించి, ముందు మమ్మల్ని తిననిచ్చే అలవాటు ఉన్న మనిషి, ఆ పూట మాతోపాటే కంచం ముందు కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమల్లేదు. కళ్లలోంచి నీళ్లు కారి కంచంలో పడుతున్నాయి. అక్క భయపడి, "వద్దులే అమ్మా, తినొద్దులే" అంది. అమ్మ తల అడ్డంగా ఊపి, మింగి, "బావుందే. బియ్యం బావున్నాయి" అంది. ఇంకో ముద్ద కలిపి అక్క నోటికి అందించింది. నేను తృప్తిగా తిన్నాను. ఆకలిగా ఉన్న పిల్లకి అంతకంటే ఏం తెలుస్తుంది?

ఆ తర్వాత మా అమ్మ మారిపోయింది. కోపగించుకోలేదు, దెప్పలేదు. ఎవరి కడుపు కొట్టి వచ్చిందని అడగడం మానేసింది, అంతే. సంతకి వెళ్తే ఆ వ్యాపారి దగ్గరే నిలబడి చవక వంకాయలు సంచిలో వేయించుకుని వచ్చేది. లంక ఆడవాళ్లు పిలిస్తే వినబడనట్టు నడిచేది. ఊరికే వచ్చిన రొయ్యలూ వండింది. మేం తిన్నాం, తను తినలేదు, కానీ వండింది. నాన్న ఒకసారి సరదాకి, "ఏమే, న్యాయం అడగట్లేదేం?" అన్నాడు. "లేనివాళ్లకెందుకండీ అవన్నీ" అంది అమ్మ. పేదరికం మా ఇంట్లోంచి ఒక్కొక్కటే చాలా తీసుకుపోయింది. పొలం పోయింది, నీళ్లు పోయాయి, నాన్న నడుం పోయింది. కానీ ఆ ప్రశ్న పోయిన రోజే మేం నిజంగా బీదవాళ్లమయ్యామని నాకు ఇప్పుడనిపిస్తుంది.

అక్క తెచ్చిన దాంతోనే నేను చదువుకున్నాను, టీచరునయ్యాను. మధ్యలో అక్కకి ఒకటి రెండు సంబంధాలు వచ్చాయి. కాఫీ గ్లాసులు అందిస్తుంటే ఆ వేళ్లు చూసి, చర్మరోగమేమో అని గుసగుసలాడుకుని వెళ్లిపోయారు. మరోసారి ఎవరైనా వస్తామంటే అక్కే వద్దంది. నాన్న పోయాడు, అమ్మ పోయింది. వేళ్ల కీళ్లు బిగిసిపోయి రొయ్య పట్టు దొరకకుండా పోయేదాకా అక్క ఆ షెడ్డుకి వెళ్తూనే ఉంది. షెడ్డులో పట్టుకున్న దగ్గు ముదిరాక బలవంతంగా రాజమండ్రి తీసుకొచ్చాను. మా ఫ్లాటులో కిటికీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలవడానికి ప్రయత్నించేది. ముద్ద కలపడానికి వేళ్లు వంగేవి కావు, చెంచాతో తినడం సిగ్గుగా ఉండేది. నేనే కలిపి పెట్టేదాన్ని.

మా అమ్మాయి అనూష హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. ఈ మధ్య ఏది కొన్నా ఎక్కడ పండింది, ఎవరు చేశారు అని చదివి మరీ కొంటుంది. మందుల్లేని బియ్యం, చేనేత బట్టలు. వాటి ధరలు చూసి నాకు గుండె ఆగినంత పనైనా, లోపల ఎక్కడో సంతోషంగానే ఉంటుంది. కిందటిసారి వచ్చినప్పుడు అక్క పక్కన కూర్చుని, "పెద్దమ్మా, నేను రొయ్యలు మానేశాను. మీకు చేసిన అన్యాయం తెలిశాక తినబుద్ధి కావట్లేదు" అంది. అక్క దాని తల నిమిరింది. "మంచిపనే తల్లీ" అని, తల మీంచి చెయ్యి తీయకుండానే, "అందరూ మానేస్తే మా షెడ్డు పిల్లలు ఎక్కడికి పోతారే?" అంది.

"అయితే తినమంటారా?"

"ఏమోనమ్మా, నాకూ తెలీదు" అంది అక్క. "తెలిసినావిడ మీ అమ్మమ్మ. ఆవిడ నోరు నేనే మూయించాను." నేను వారిస్తే వినలేదు. దగ్గు తెరలు తెరలుగా వస్తున్నా ఆపకుండా చెప్పింది. "ఆ రోజు అమ్మ మీద గెలిచాననుకున్నానే. నా కూడు తినిపించాననుకున్నాను. తర్వాత ఆవిడ సంతలో తల వంచుకుని ఆ వంకాయలు కొంటుంటే చూడలేక దూరంగా నిలబడేదాన్ని. ఓడిపోయినా బాగుండేది." అనూష ఏడ్చేసింది. అక్క తప్పు కాదు, అమ్మ తప్పు కాదు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా అక్క నమ్మలేదు. అదే బరువుతో, ఆస్పత్రిలో, ఊపిరి అందక పోయింది.

పెద్దకర్మ భోజనాలు మా అపార్ట్‌మెంటు సెల్లారులో పెట్టాం. సూరమ్మతోపాటు షెడ్డు ఆడవాళ్లు ఒక వ్యాను మాట్లాడుకుని వచ్చారు. ఆ రోజు కూలి వదులుకుని, ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకుని, అక్క ఫోటో ముందు బెరుకుగా నిలబడ్డారు. పెద్దవాళ్ల వేళ్లన్నీ అక్క వేళ్లలాగే ఉన్నాయి. బంతి చివర ఒక కొత్త అమ్మాయి కూర్చుంది. ఆ పిల్ల వేళ్లు ఇంకా తిన్నగా ఉన్నాయి, చివర్లు మాత్రం కొద్దిగా తెల్లబడ్డాయి. నేను అన్నం వడ్డిస్తూ, "నువ్వు మా అక్కని చూశావా అమ్మా?" అని అడిగాను.

"లేదండి. నేను చేరేసరికే మానేశారంటండి. అందరూ చెప్పుకుంటారండి."

"ఏం చదివావు?"

"ఇంటర్ మధ్యలో ఆపేశానండి." వడ్డన చాలన్నట్టు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, నా వైపు చూసి సంతోషంగా నవ్వింది. "మా చెల్లి చదువుతోందండి. మీలాగే టీచర్ అవుతానంటోందండి."

ఆ పిల్ల చెయ్యి మెల్లగా పక్కకి జరిపి, ఇంకొంచెం అన్నం పెట్టాను. ఆ చెల్లి పేరేంటో అడగడానికి నోరు రాలేదు.